ఇంగ్లిష్ చదవడం వచ్చు, మాట్లాడటం రాదు: బడిలో, ఫోన్‌లో ఉచితంగా ప్రాక్టీస్ చేయడం ఎలా?

చంద్రగిరి కోటలో రాజమహల్ చూడటానికి వచ్చిన పర్యాటకులు ఇంగ్లిష్‌లో ఏదో అడిగారు. పక్కనే ఉన్న పదో తరగతి విద్యార్థికి ప్రశ్న అర్థమైంది. సమాధానమూ తెలుసు. కానీ నోరు పెగల్లేదు, చేత్తో అటు చూపించి పక్కకు తప్పుకున్నాడు. మీ ఇంట్లోనూ ఇలాంటి విద్యార్థి ఉండొచ్చు. కోట దగ్గరైతే చేత్తో చూపిస్తే సరిపోతుంది. నాలుగేళ్ల తర్వాత తిరుపతిలోనో, చెన్నైలోనో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు సరిపోదు.

ఈ సమస్యకు ట్యాబ్‌లు, ఫోన్‌లు, ల్యాబ్‌లు ఎంతవరకు పనికొస్తాయి? డబ్బు ఖర్చు లేకుండా ఏం చేయొచ్చు?

పదేళ్లు చదివినా మాట ఎందుకు రాదు?

లెక్క వేసి చూడండి. తరగతిలో 40 మంది, పీరియడ్ 45 నిమిషాలు. టీచర్ ఒక్క మాటా మాట్లాడకుండా సమయమంతా పిల్లలకే ఇచ్చినా ఒక్కొక్కరికి నిమిషం పైన కొన్ని సెకన్లే వస్తాయి. పాఠం చెప్పడం, నోట్సు రాయించడం తీసేస్తే రోజుల తరబడి ఒక్క వాక్యం కూడా పలకని పిల్లలుంటారు.

రెండో కారణం పరీక్ష. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిష్‌ను రాత ద్వారానే చూస్తారు. మార్కులు లేని పనికి ఇంట్లోనూ బడిలోనూ సమయం దొరకదు. తెలంగాణలో 2023–24 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టడానికి కారణం ఇదే.

ప్రభుత్వం వైపు నుంచి ఏమేం ఉన్నాయి?

ట్యాబ్‌లు, ప్యానెళ్లు: ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి విద్యార్థులకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. ఆ తర్వాత నాడు–నేడు పూర్తయిన బడుల్లో గోడకు బిగించే ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. 2023 జూన్‌లో టోఫెల్ శిక్షణ కోసం అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం కుదిరింది. ఇలాంటి పథకాలు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. కాబట్టి మీ బడిలో ఇప్పుడు ఏది పనిచేస్తోందో ప్రధానోపాధ్యాయుడినే అడగండి.

దీక్ష: 2017లో మొదలైన కేంద్ర వేదిక. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ఆడియోలు వస్తాయి. ఇది ఉచితం.

స్వయం: 2017 జులైలో ప్రారంభమైంది. డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంగ్లిష్, కమ్యూనికేషన్ కోర్సులు ఇందులో ఉంటాయి. చేరడానికి, వినడానికి డబ్బు కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.

కాలేజీ ల్యాబ్: ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ ల్యాబ్ ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం, పలికింది రికార్డు చేసుకోవడం, గ్రూప్ డిస్కషన్ లాంటివి అక్కడ చేయిస్తారు. చాలామంది దీన్ని రికార్డు పుస్తకం నింపే పీరియడ్‌గానే చూస్తారు. నిజానికి ఆ వారంలో మీరు నోరు విప్పాల్సిన ఒకే ఒక్క తరగతి అది కావచ్చు.

వీటిలో ఎక్కువ భాగం వినిపించేవి, చూపించేవే. మాట్లాడించేవి తక్కువ. వంద వీడియోలు చూసినా మీరు ఒక్క వాక్యం పలకకపోతే మాట్లాడటం రాదు.

మరి ఫోన్‌తో మాట్లాడటం ఎలా ప్రాక్టీస్ చేయాలి?

కొత్త యాప్ కొనక్కర్లేదు. ఫోన్‌లో ముందే ఉండే రెండు సదుపాయాలు చాలు.

మొదటిది వాయిస్ రికార్డర్. తెలిసిన విషయం ఒకటి తీసుకోండి: రాజమహల్ గురించి, ఇంట్లో చేసే రాగి సంగటి గురించి, నిన్న బస్సులో జరిగినదాని గురించి. రాసుకోకుండా ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేయండి. విని, ఎక్కడ ఆగిపోయారో గుర్తుపెట్టుకోండి. అదే విషయాన్ని మళ్లీ చెప్పండి, మూడోసారి కూడా చెప్పండి. మొదటిసారి వెతుక్కున్న మాటలు మూడోసారికి వాటంతటవే వస్తాయి. నలుగురిలో నవ్వుతారన్న భయం ఇక్కడ ఉండదు. టెక్నాలజీ వల్ల కలిగే అసలు మేలు ఇదే.

రెండోది కీబోర్డు మీదుండే మైక్ గుర్తు, అంటే వాయిస్ టైపింగ్. భాషను ఇంగ్లిష్‌కు మార్చి మాట్లాడితే ఫోన్ విన్నది తెరమీద కనిపిస్తుంది.

చిన్న పిల్లల కోసం గూగుల్ 2019లో భారత్‌లోనే ‘బోలో’ పేరుతో మొదలుపెట్టి, తర్వాత ‘రీడ్ అలాంగ్’గా మార్చిన యాప్ ఉంది. కథను పైకి చదువుతుంటే అది విని, తడబడిన మాట దగ్గర సాయం చేస్తుంది.

ఫోన్ తప్పుగా రాస్తే మనం తప్పు పలికినట్టేనా?

కాదు. ఫోన్ మన శబ్దాన్ని విని, అది ఏ మాట కావచ్చో అంచనా వేస్తుంది. పక్కన కుక్కర్ విజిల్ వేసినా, ఆటో వెళ్లినా అంచనా తప్పుతుంది. మరో చిక్కు కూడా ఉంది. పూర్తి వాక్యం చెప్పినప్పుడు ముందు వెనక మాటలను బట్టి ఫోనే సర్దుకుని సరైన మాట రాసేయొచ్చు. అప్పుడు మన పొరపాటు మనకు తెలియదు. అందుకే అనుమానం ఉన్న మాటను విడిగా కూడా పలికి చూడండి.

తెలుగువాళ్లు గమనించుకోవాల్సినవి కొన్నే. మాట చివర అచ్చు చేరడం: బస్ అనాల్సింది బస్సు అవుతుంది. ముందు ‘య’ చేరడం: ఎగ్ కాస్తా యెగ్ అవుతుంది. జెడ్ అక్షరం ధ్వని ‘జ’గా మారడం. వి, డబ్ల్యూ అక్షరాలను ఒకేలా పలకడం. షిప్, షీప్ లాంటి మాటల్లో హ్రస్వం, దీర్ఘం కలిసిపోవడం. వీటిని సవరించుకుంటే వినేవారికి సులువుగా అర్థమవుతుంది. అంతేగాని అమెరికా యాస తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. మన యాస తప్పు కాదు. ఎదుటివారికి అర్థం కావడమే కొలత.

రోజుకు ఎంతసేపు? ఎవరు వినాలి?

రోజుకు పది నిమిషాలు చాలు. ఐదు రోజులు ఫోన్‌తో, ఆరో రోజు మనిషితో. ఈ ఆరో రోజును వదిలేయకండి. యంత్రం ఎదురు ప్రశ్న వేసినా ఆలోచించుకోవడానికి కావాల్సినంత సమయం తీసుకోవచ్చు. మనిషి ముందు అలా కుదరదు. తరగతిలో ఒక జత కుదుర్చుకోండి. ఒకరు చెప్పాలి, రెండోవారు రెండు ప్రశ్నలు అడగాలి. వారం రికార్డుల్లో ఒకటి టీచర్‌కు వినిపించి, ఒక్క పొరపాటే చెప్పమని అడగండి. 40 మందివీ పూర్తిగా వినడం వారికి కష్టం. ఒక్కొక్కరికి ఒక పొరపాటు చెప్పడం సాధ్యమే.

ఇంట్లో ఇంగ్లిష్ రానివారు కూడా సాయపడొచ్చు. అవ్వ పక్కన కూర్చుని “ఇప్పుడు నువ్వు చెప్పిందేమిటి?” అని తెలుగులో అడిగితే చాలు. అర్థం తెలియకుండా బట్టీ పట్టిన వాక్యాలు అక్కడే బయటపడతాయి.

తల్లిదండ్రులు ఏం చూసుకోవాలి?

పిల్లల గొంతు కూడా వ్యక్తిగత సమాచారమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. యాప్ మైక్‌తో పాటు కాంటాక్టులు, ఫొటోలు చూసేందుకూ అనుమతి అడిగితే ఇవ్వకండి. ‘ఏడు రోజులు ఉచితం’ అంటూ ముందే యూపీఐ ఆటోపే అడిగేవాటికి దూరంగా ఉండండి.

ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు ట్యాబ్ ఉందా, ప్యానెల్ పనిచేస్తోందా అని అడగడంతో ఆగిపోకండి. “ఈ వారం మా అమ్మాయి ఇంగ్లిష్‌లో ఎన్ని నిమిషాలు మాట్లాడింది?” అని కూడా అడగండి.