నాభా సంస్థానం: గద్దె దిగిన రాజు, ఆగిన పారాయణం

సట్లెజ్ నదికి దక్షిణాన, ఫూల్ అనే మూలపురుషుని వంశీకులు ఏలినందువల్ల ఫుల్కియన్ రాజ్యాలుగా పేరొందిన పటియాలా, జీంద్, నాభాలు లాహోర్ పాలకుడు రంజిత్ సింగ్ విస్తరణకు వెరచి 1809లో ఈస్టిండియా కంపెనీ రక్షణ కిందికి చేరాయి. ఆ రక్షణ షరతులు లేనిది కాదు. 1845-46 ఆంగ్లో-సిక్కు యుద్ధంలో లాహోర్ వైపు మొగ్గినందుకు నాభా రాజు దేవీందర్ సింగ్‌ను గద్దె దించి, రాజ్యంలో నాలుగో వంతును జప్తు చేసిన ఆంగ్లేయులు, 1857లో తమకు తోడ్పడిన అతని కుమారుడు భర్‌పూర్ సింగ్‌కు బావల్, కాంటీ ప్రాంతాలను కట్టబెట్టారు.

1911లో నాభాకు రాజైన రిపుదమన్ సింగ్ అంతకుముందే కేంద్ర శాసనమండలి సభ్యుడిగా, సిక్కుల పెళ్లి తంతుకు చట్టబద్ధత కోరే ఆనంద్ వివాహ బిల్లును ప్రవేశపెట్టినవాడు; అకాలీలపై, అంటే గురుద్వారాల నిర్వహణను వంశపారంపర్య నిర్వాహకులైన మహంతుల చేతుల్లోంచి తప్పించడానికి పోరాడుతున్న సిక్కులపై, తన సానుభూతిని దాచుకోనివాడు. పటియాలాతో ముదిరిన తగవులో, ఆ రాజ్యపు మనుషులపై అతడు తప్పుడు కేసులు బనాయించాడన్న ఆరోపణలు చాలావరకు నిజమేనని ప్రభుత్వం నియమించిన విచారణ తేల్చింది. అవి నిరాధారమనలేం గాని, విచారణ జరిపించినదీ, శిక్ష నిర్ణయించినదీ, రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్నదీ ఒకే అధికారం కావడం, సంస్థానాధీశుడు మొరపెట్టుకోవడానికి పైన ఏ న్యాయస్థానమూ లేకపోవడం ఈ ఉదంతంలో అసలు అన్యాయం. 1923 జులైలో జరిగిన రిపుదమన్ పదవీత్యాగాన్ని ప్రభుత్వం స్వచ్ఛందమని ప్రకటించినా సిక్కులు నమ్మలేదు.

అతని పునఃప్రతిష్ఠ కోరుతూ జైతో పట్టణంలోని గంగ్‌సర్ గురుద్వారాలో సెప్టెంబరులో అఖండ పాఠం, అంటే గురుగ్రంథ సాహిబ్‌ను ఎడతెగకుండా ఆసాంతం చదివే పారాయణం, ఆరంభించగా బ్రిటిష్ పాలనాధికారి విల్సన్ జాన్‌స్టన్ యంత్రాంగం దానిని మధ్యలో భంగపరచడంతో, ఒక రాజుకు జరిగిన అన్యాయం ఆరాధనా స్వేచ్ఛ ప్రశ్నగా మారిపోయింది. అక్కడి పరిస్థితిని చూడవచ్చిన కాంగ్రెస్ నాయకులు జవాహర్‌లాల్ నెహ్రూ, గిద్వానీ, సంతానంలను నిర్బంధించి, నాభా జైలులో ఉంచి, శిక్ష వేసి, ఆపై దాని అమలు నిలిపివేసి రాజ్యం బయటికి పంపారు. అమృత్‌సర్ నుంచి కాలినడకన బయలుదేరిన 500 మంది జాతాపై, అంటే దీక్ష పూనిన దళంపై, 1924 ఫిబ్రవరి 21న జైతోలో కాల్పులు జరిగాయి. మృతుల లెక్కలో అధికారులకూ అకాలీలకూ పొంతన కుదరలేదు. జాతాలు మాత్రం ఆగలేదు. 1925లో గురుద్వారాల నిర్వహణను సిక్కులకు అప్పగించే గురుద్వారాల చట్టం వచ్చాక, ఆగస్టులో 101 అఖండ పాఠాలు పూర్తయ్యాయి.

ఆరాధనా హక్కు దక్కింది, గద్దె దక్కలేదు. 1928లో రిపుదమన్ బిరుదులను రద్దుచేసి, విచారణ లేకుండా నిర్బంధించే వీలున్న 1818 నాటి మూడో రెగ్యులేషన్ కింద అతణ్ణి కొడైకెనాల్‌కు పంపి, చిన్నవాడైన కుమారుడు ప్రతాప్ సింగ్‌ను రాజుగా గుర్తించారు. రిపుదమన్ 1942లో అక్కడే మరణించాడు. 1948లో నాభా, పాత ప్రత్యర్థి పటియాలాతో కలిసి, పెప్సు అనే కొత్త రాష్ట్రంలో భాగమైంది.