ప్రభువు బల్ల మీది పాత్ర: అనంతపురం మెట్టసీమలో ద్రాక్షారసం

2022 విభజనకు పూర్వపు అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ సైతం ఎండిపోయే ఈ సీమలో ప్రభురాత్రి భోజనానికి అనేక గ్రామ సంఘాలు ఎండుద్రాక్షను నానబెట్టి, మరిగించి, వడగట్టిన రసాన్నే వాడుతున్నాయి. ఇది నిజమైన ద్రాక్షారసమేనా అన్న ప్రశ్న సేవకులకు ఎదురవుతూనే ఉంటుంది. దీనికి సంఘ చరిత్ర ఇచ్చే జవాబును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పొరుగున ఉన్న ద్రాక్షసీమ

ద్రాక్షతోటలు మనకు దూరం కావు. హిందూపురానికి దక్షిణంగా సరిహద్దు దాటి వెళ్తే కర్ణాటకలోని నంది కొండల ప్రాంతం వస్తుంది. అక్కడ 1988లో కన్వల్ గ్రోవర్ స్థాపించిన సంస్థ ఫ్రెంచి ద్రాక్ష రకాలతో వైన్ తయారీ చేపట్టింది. దాని 'లా రిజర్వ్' అనే ఎర్ర వైన్ రెండు రకాల మిశ్రమం. కాబెర్నే సావిన్యోన్ దానికి వగరును, నల్లని పండ్ల రుచిని ఇస్తుంది. షిరాజ్ మిరియాల ఘాటును, నిండుదనాన్ని ఇస్తుంది. ఓక్ పీపాలలో నిలవ ఉంచితే వగరు మెత్తబడుతుంది. ఇటువంటి వైన్ వేటమాంసానికి సరిజోడు. ఎత్తైన నేల, చల్లని రాత్రులు, బిందుసేద్యం ఆ తోటలకు ఆధారం. అదే ప్రాంతంలో విరివిగా పండే 'బెంగుళూరు బ్లూ' అమెరికా ద్రాక్షజాతికి చెందినది. దాని వాసన ఘాటు, రుచి పులుపు.

ఆది సంఘంలో మిశ్రమం

కలిపిన ద్రాక్షారసం సంఘానికి కొత్త కాదు. అయితే ఆ కలయిక రెండు ద్రాక్షలది కాదు, ద్రాక్షారసానిది, నీటిది. క్రీ.శ. 150 ప్రాంతంలో రోములో జస్టిన్ మార్టిర్ వర్ణించిన ఆరాధనలో రొట్టెతో పాటు నీరు కలిపిన ద్రాక్షారసపు పాత్ర ఉంది. మూడవ శతాబ్దంలో కార్తేజీ బిషప్ సిప్రియన్ నీటిని మాత్రమే వాడేవారిని ఖండించాడు. ద్రాక్షారసం క్రీస్తుకు, నీరు ప్రజలకు గుర్తు గనుక రెండింటినీ విడదీయరాదని ఆయన బోధ. 1439లో ఫ్లోరెన్సు సభ కూడా ద్రాక్షారసంలో కొద్దిగా నీరు కలపాలని నిర్దేశించింది.

భారతదేశంలో ఎండుద్రాక్ష

1501లో పోర్చుగీసు ఓడలో లిస్బన్ చేరిన మలబారు యాజకుడు యోసేపు తన దేశపు ఆచారాలను వివరించాడు. ద్రాక్షారసం దొరకని చోట ఎండుద్రాక్షను నీటిలో నానబెట్టి, పిండిన రసాన్ని వాడతారని ఆ వృత్తాంతం చెబుతుంది. కనుక మన గ్రామాల పద్ధతి ఇటీవలి సర్దుబాటు కాదు. ఈ దేశంలో దానికి 500 ఏళ్లకు పైబడిన సాక్ష్యం ఉంది.

పులియని రసం

1869లో అమెరికాలో మెథడిస్టు విశ్వాసి థామస్ వెల్చ్ కాన్‌కర్డ్ ద్రాక్షరసాన్ని వేడిచేసి, పులియకుండా నిలవచేశాడు. ఆయన ఉద్దేశం సంస్కార పాత్రే. తెలుగు నేలలో దీనికి మరో కారణం తోడైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. సారా కూల్చిన కుటుంబాలు కూర్చునే సంఘంలో పులియని రసం పోయడం కాపరి చూపవలసిన జాగ్రత్తే.

ఈ విషయంలో సంఘాలన్నీ ఏకాభిప్రాయంతో లేవు. కతోలిక సంఘ చట్టం పాడుకాని సహజ ద్రాక్షారసాన్నే కోరుతుంది. పులియబెట్టని రసానికి ప్రత్యేక అనుమతి అవసరం. మన ప్రాంతంలో లండన్ మిషను 1810లో బళ్లారిలో పని ప్రారంభించి తరువాత గుత్తి వరకు విస్తరించింది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆ మిషను సంప్రదాయం, ఆంగ్లికన్ సంప్రదాయం ఒకే బల్ల దగ్గర కలిశాయి.

ముగింపు

ఈ చరిత్రను బట్టి రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, పాత్రలో ఉండవలసింది ద్రాక్షఫలం. ఎండుద్రాక్ష రసం ద్రాక్షఫలమే. రంగు కలిపిన పంచదార పానకం కాదు. వెల చూసి పానకంతో సరిపెట్టుకునే సంఘాలు దీనిని ఆలోచించాలి. రెండవది, కొరింథులో పౌలు గద్దించింది ద్రాక్షారసపు నాణ్యతను గూర్చి కాదు. ఒకడు ఆకలిగొనగా మరొకడు మత్తుడగుటను గూర్చి (1 కొరింథీ 11:21). పంట పోయిన ఏడు బల్ల దగ్గరకు వచ్చినవారి ఇంట పొయ్యి వెలిగిందా అని అడగడం కూడా ఆ సంస్కారంలో భాగమే.