ఆలంపూర్ ఆల్చిప్ప పుట్టుపూర్వోత్తరాలు

వేసవిలో తుంగభద్ర సన్నబడినప్పుడు ఆలంపూర్ దగ్గర ఏటి ఇసుకలోకి దిగితే కాలికి నల్లటి ఆల్చిప్పలు తగులుతాయి. కొన్నిటికి రెండు చిప్పలూ ఇంకా అతుక్కునే ఉంటాయి. కొన్ని విడిపోయి, వెల్లకిలా పడి, లోపలి మెరుపును ఎండకు చూపిస్తుంటాయి. ఊరికి వచ్చిన యాత్రికులు జోగులాంబకు, బాలబ్రహ్మేశ్వరుడికి మొక్కి, బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు చూసుకుని వెళ్ళిపోతారు. పదమూడు వందల ఏళ్ళ గుళ్ళు ఎదురుగా ఉండగా చిప్పను ఎవరు పట్టించుకుంటారు? నిజానికి వయసు లెక్కలోకి వస్తే గుళ్ళు నిన్న మొన్నటివి.

మన ఇళ్ళలో మాత్రం చిప్పకు మంచి గౌరవమే ఉండేది. దాని వీపును బండ మీద అరగదీస్తే నడుమ చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచు పదునుగా ఉంటుంది. దాంతో గీస్తే మామిడికాయ చెక్కు పలచగా లేచి వస్తుంది. స్టీలు పీలర్లు వచ్చేదాకా చాలా ఇళ్ళలో వేసవి పనిముట్టు ఇదే. ఆయుర్వేదం ఏటి చిప్పను జలశుక్తి అని పేరుపెట్టి, కాల్చి భస్మం చేసి మందుల్లో వాడింది. అద్వైతులకైతే అది ఏకంగా పాఠమే అయింది: దూరం నుంచి చిప్పను చూసి వెండి అనుకోవడం భ్రాంతికి వాళ్ళు చెప్పే ఉదాహరణ. స్వాతి కార్తె చినుకు చిప్పలో పడితే ముత్యం అవుతుందన్న నమ్మకం సరేసరి. ముత్యానికి వానతో పనిలేదు. చిప్పను తయారుచేసే పొర కణాలు ఏ గాయం వల్లనో, పరాన్నజీవి వల్లనో దారితప్పి లోపలికి చొరబడితే, అక్కడ సంచిగా ఏర్పడి అదే మెరుపును పొర మీద పొరగా పోస్తాయి. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఈ రోజు అమ్ముడుపోయే ముత్యాల్లో ఎక్కువ భాగం సముద్రానివి కావు, చైనా మంచినీటి ఆల్చిప్పలవే. మన తుంగభద్ర చిప్పకు అవి జ్ఞాతులు.

ఇంతకీ సముద్రానికి ఇంత దూరాన, నల్లరేగడి మధ్య పారే ఏటిలోకి ఈ చిప్పలు ఎక్కడివి? కొట్టుకొచ్చాయని తేల్చేయడానికి వీల్లేదు. ఆలంపూర్ దాటాక తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏరు దేన్నయినా కిందికే మోస్తుంది, పైకి తేదు.

జవాబులో మొదటి సగం తెలంగాణ ఉత్తరపు కొసన దొరికింది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ప్రాంతపు ఎర్రమట్టిలో దాదాపు 22 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలు ఉన్నాయి. ఊపిరితిత్తుల చేప సెరటోడస్ పళ్ళు, పక్షి ముక్కులాంటి మూతి ఉన్న రింకోసార్ల ఎముకలు అక్కడివే. 1950ల చివర్లో భూవిజ్ఞానులు ఎం.ఆర్. సాహ్ని, ఎ.పి. తివారీ అదే మట్టిలోని మంచినీటి ఆల్చిప్పలను వర్ణించారు. అప్పటికి కృష్ణా లేదు, తుంగభద్రా లేదు. భారతదేశం గోండ్వానా ఖండంలో ఒక ముక్కగా దక్షిణార్ధగోళంలో ఉండేది. ఆ చిప్పలే నేటి చిప్పలకు సాక్షాత్తూ తాతలని చెప్పలేం గానీ, వంశం అదే. అంటే ఈ వంశం మన నేలకు కొత్తగా వచ్చిన చుట్టం కాదు. తుంగభద్ర వయసు కన్నా దాని నీళ్ళలో బతికే ఈ వంశం వయసే ఎక్కువ.

ఈ వంశంలో మన చెరువుల్లో, ఏళ్ళలో ఎక్కువగా కనిపించేది లామెల్లిడెన్స్ మార్జినాలిస్. 1819లో లామార్క్ దానికి శాస్త్రంలో చోటిచ్చాడు. పారేసియా అనే చిన్నపాటి గట్టి చిప్ప దాని తోడు. 1989లో భారత జంతు సర్వేక్షణ సంస్థ కోసం ఎన్.వి. సుబ్బారావు రాసిన మంచినీటి నత్తగుల్లల కరదీపిక వీటిని గుర్తుపట్టడానికి ఇప్పటికీ చేతిపుస్తకం.

జవాబులో రెండో సగం, అంటే కిందికే మోసే ఏటిలో ఇవి ఎగువన ఎలా నిలిచాయన్నది, అంత తేలిగ్గా దొరకలేదు. అది అర్థం కావాలంటే ఒకసారి సముద్రపు ఒడ్డుకు వెళ్ళిరావాలి. ఉత్తర అట్లాంటిక్ రాతి తీరాల్లో నీలి ఆల్చిప్పలు బండల నిండా గుంపులుగా అతుక్కుని ఉంటాయి. 1758లో లిన్నేయస్ వీటికి మైటిలస్ ఎడ్యులిస్ అని పేరు పెట్టాడు. మన విశాఖ, భీమిలి రాళ్ళ మీద ఉండేది ఆకుపచ్చ చిప్ప. దాని కాపురమూ ఇలాంటిదే. రెండు రకాలూ పాదం దగ్గరి గ్రంథి నుంచి నార పోగులు తీసి, రాతికి జిగురుతో అంటించుకుని, అలలు ఎంత కొట్టినా కదలవు. పోటులో మునుగుతాయి, పాటులో చిప్ప బిగించుకుని తడిని దాచుకుంటాయి. పిల్లల విషయంలో వాటికి చీకూచింతా లేదు. గుడ్లను, వీర్యాన్ని నీళ్ళలోకి వదిలేస్తాయి. పిల్లలు కొన్ని వారాలు తేలుతూ తిరిగి, దొరికిన రాతి మీద దిగుతాయి. సముద్రం ఎటు తోసినా అది సముద్రమే కదా.

ఏటిలో ఈ పద్ధతి పనికిరాదు. తేలే పిల్లలను తుంగభద్ర ఒకే వానాకాలంలో బంగాళాఖాతం పాలు చేస్తుంది. పెద్ద చిప్ప ఎదురీదలేదు. ఒక్క పాదంతో ఇసుకలో గాడి గీసుకుంటూ గడపదాటినంత దూరం పోవడమే దాని ప్రయాణం. అయినా ఎగువ వాగుల్లోనూ, గట్టు కట్టిన చెరువుల్లోనూ ఆల్చిప్పలున్నాయి.

డెల్ఫ్ట్ కాలువల చిప్పలను విప్పి చూసిన డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్‌కు 17వ శతాబ్దం చివర్లోనే ఈ చిక్కుముడికి ఒక కొస దొరికింది. తల్లి చిప్పలో కోశాల లోపల గిరగిర తిరుగుతున్న పిండాలను తన భూతద్దంలో చూసి అవి పిల్లలేనని గ్రహించాడు. నూరేళ్ళ తర్వాత, 1797లో యెన్స్ రాత్కె అనే జంతుశాస్త్రజ్ఞుడు మొప్పల్లో కిక్కిరిసిన ఆ బుల్లి చిప్పలను చూసి, ఇవి ఆల్చిప్పను పీడించే పురుగులని అనుకుని గ్లోకిడియం పారాసిటికం అని పేరు పెట్టేశాడు. 1832లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కారుస్ అవి పిల్లలేనని మళ్ళీ నిలబెట్టాడు. తల్లిని వదిలాక అవి ఎక్కడికి పోతాయన్నది మాత్రం 1866 దాకా తెలియలేదు. ఆ ఏడు జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ లేడిగ్ వాటిని చేప రెక్కల మీద పట్టుకున్నాడు. రాత్కె పెట్టిన పేరు నేటికీ నిలిచింది. పరాన్నజీవి అన్న అతని అనుమానమూ పూర్తిగా తప్పు కాదు. పురుగు పట్టింది ఆల్చిప్పకు కాదు, చేపకు.

జరిగేది ఇది. తల్లి తన మొప్పల అరల్లోనే లక్షల పిల్లలను మోస్తుంది. ఒక్కొక్కటీ అర మిల్లీమీటరైనా ఉండదు. నీళ్ళలోకి వదిలాక, చేప మొప్పో రెక్కో తగిలిందా, చిప్ప టక్కున మూసుకుని పట్టేస్తుంది. చేప కణజాలం దాని చుట్టూ పెరిగి కప్పేస్తుంది. కొన్ని రోజులో, వారాలో అక్కడే ఉండి రూపం మార్చుకుని, బుల్లి ఆల్చిప్పగా ఊడి ఇసుకలో పడుతుంది. చేప దొరకనివన్నీ చస్తాయి. దొరికేవి వేలల్లో ఏ ఒక్కటో. లక్షల పిల్లలను కనడం అందుకే. వానాకాలంలో చేపలు కొత్తనీటికి ఎదురెక్కుతాయి, వాటితోపాటు ఆల్చిప్ప సంతానమూ ఎగువకు చేరుతుంది. అంటే ఏటిలో ఆల్చిప్ప ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్పాలంటే చేప ఎక్కడిదాకా ఎక్కిందో చూడాలి. 1960ల నుంచి చైనా గడ్డిచేపలను పెంపకానికి తెప్పించుకున్న హంగరీ, రొమేనియా చెరువుల్లో, ఎవరూ పిలవకుండానే పెద్ద చైనా ఆల్చిప్ప ప్రత్యక్షమైంది. చేపతోపాటు వచ్చింది, అంతే.

మన ఏటిలో చేపలు ఎదురెక్కే దారిని మనం మెట్టు మెట్టుగా మూసుకుంటూ వచ్చాం. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువకు నీళ్ళు మళ్ళించింది. 1950ల్లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము, దాని దిగువన రాజోలిబండ ఆనకట్ట వచ్చాయి. 1980ల్లో శ్రీశైలం జలాశయం నిండింది. పూర్తి మట్టం 885 అడుగులకు చేరితే వెనక నీళ్ళు ఆలంపూర్ కట్ట దాకా వస్తాయి. కూడవెల్లి సంగమంలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఆలంపూర్‌లో తిరిగి కట్టుకున్నది ఆ ముంపు వల్లే. ఆ పని నేర్పుగా జరిగింది. ఏటి అడుగున ఉన్నవాటి గురించి ఆలోచించినవారు లేరు. నన్నడిగితే అందుకు ఇంజనీర్లను మాత్రమే అనడం అన్యాయం. మామిడికాయ గీక్కున్న మనమూ చిప్ప లోపల ప్రాణి ఉందని ఎన్నడూ గుర్తుచేసుకోలేదు.

ఇప్పుడు ఆలంపూర్ దగ్గర ఏరు ఏడాదిలో కొంతకాలం చెరువు, కొంతకాలం ఇసుక మేట. నిలవనీటికి అలవాటుపడ్డ లామెల్లిడెన్స్ దీన్ని తట్టుకుంటుంది. నీరు తగ్గితే బురదలోకి దిగి చిప్ప బిగిస్తుంది. పారే నీటినే కోరుకునే రకాలకు కష్టం. చిప్పలు పాతుకుని ఉండే ఇసుకనే లారీలకెత్తితే ఏ రకానికీ దారి లేదు. పోయేది చిప్పలే కాదు. పెద్ద ఆల్చిప్ప ఒకటి గంటకు దాదాపు లీటరు నీటిని మొప్పల గుండా లాగి, నాచునీ మురికినీ వడగట్టి వదులుతుంది. ఆ పని ఇంకెవరు చేస్తారు?

ఏటికి చేప ఇంకా వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఆల్చిప్పే ఆనవాలు. చాలా రకాలు పదుల ఏళ్ళు బతుకుతాయి. చిప్ప మీది వలయాలు చూస్తే వయసు కొంతవరకు అంచనాకు వస్తుంది. చేప రాక ఆగిపోయినా పెద్దవి ఏళ్ళ తరబడి ఇసుకలో కనిపిస్తూనే ఉంటాయి, అన్నీ బాగానే ఉన్నట్టు. అందుకని వేసవిలో తుంగభద్రలోకి దిగినవాళ్ళు అరచేయంత చిప్పలను చూసి ఆగిపోకుండా, వాటి మధ్య గోరంత చిప్పలున్నాయేమో వెతకాలి.