వినికిడికి మేర

నెల్లూరిసీమలో గూడూరు, రాపూరు ప్రాంతముల గనులు అభ్రకమునకు ప్రసిద్ధములు. దీనినే మనవారు కాకిబంగారమందురు. పూర్వపు గ్రామఫోనులలో ముల్లు కదలికను పాటగా మార్చి మ్రోగించినది పలుచని అభ్రకపు బిళ్లయే. కావున సంగీతయంత్రముల చరిత్ర మన తీరమునకు పరాయిది కాదు. ఇంటి యంత్రమును మార్చుట ఎచ్చట చాలించవలెనో ఆ చరిత్రయే చెప్పగలదు.

1925 వ సంవత్సరమునకు పూర్వము గాయకుడు బాకాలోనికి బిగ్గరగా పాడవలసియుండెను. సెకనుకు ఇంచుమించు 2,500 కంపనములకు మించిన స్వరాంశములు ప్లేటునకు ఎక్కనే లేదు. ఆ యేట మైక్రోఫోనుతో ముద్రణ ఆరంభమై, ఆ మేర రమారమి 5,000కు పెరిగెను. అభ్రకపు బిళ్ల తొలగి లోహపు బిళ్ల వచ్చుట ఆ కాలముననే. అప్పుడు పాతయంత్రమును మార్చినవాడు వెర్రివాడు కాడు. ప్లేటులోనే క్రొత్తది చేరినది. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు మరింత మేలు చేసినది. మూడు నాలుగు నిమిషములలో రాగమును కుదించు బాధ తీరి, ప్రక్క యొకటికి 20 నిమిషములకు పైగా పాడ వీలయ్యెను. 1958 నాటికి స్టీరియో వచ్చెను. 1982లో వెలువడిన సీడీ ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, 20,000 కంపనముల వరకు పట్టుకొన్నది. పడుచువారి చెవికే అది యెల్ల. నడివయసువారికి అంతయు వినబడదు.

ఇక తరువాతి కొనుగోలు దేనికొరకు? రొయ్యల చెరువు కలిసివచ్చిన యేడు స్పీకర్లు మారును. తెల్లమచ్చ తెగులు తగిలిన యేడు అవియే సగము వెలకు పోవును. నడుమ ఇల్లాలి మాట అడిగినవారు లేరు. మైపాడు వంటి తీరగ్రామమున కిటికీ తెరచిన కెరటముల హోరు, మూసిన ఉక్క, ఉక్కకు ఫ్యాను, ఫ్యానుకు రొద! ఇన్నింటి నడుమ రెండు యాంప్లిఫయర్ల సూక్ష్మభేదము ఎవరికి అందును? ఉప్పుగాలికి తీగల కొనలు చిలుము పట్టును. వానిని తుడిచినచో కలుగు మేలు క్రొత్త పెట్టె వలన కలుగదు. బంగారుపూత కొనలు ఇచ్చట పనికివచ్చుట నిజమే, కాని అది తుప్పు పట్టకుండుటకే, నాదమునకు కాదు.

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన ప్లేట్లను నేటి యే యంత్రముపై నుంచినను, తుదిని ఆమె తన పేరు చెప్పుకొను మాట వినబడును. ఆనాడు బాకాకు అందని స్వరాంశము వినబడదు. గీతల గరగర మాత్రము హెచ్చును.