ద్రోహి అనే ముందు

ఈమధ్య మన సమావేశాల్లో ఒక మాట తేలిగ్గా వినబడుతోంది. తెలుగు చదవలేని మన పిల్లల్ని 'భాషాద్రోహులు' అంటున్నాం. ఆ మాట బరువెంతో ఒకసారి చూద్దాం.

సంస్కృతంలో 'ద్రుహ్' అంటే కీడు తలపెట్టడం. కాబట్టి ద్రోహమంటే ఎవరికి అన్నది కూడా చెప్పాలి: స్వామిద్రోహం, మిత్రద్రోహం, గురుద్రోహం. నమ్మినవారిని ముంచితే నమ్మకద్రోహం.

రాజుల కాలంలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే నేరం. మన కన్నడసీమలోనే, హొయ్సళ విష్ణువర్ధనుడి సేనాని గంగరాజుకు 'ద్రోహఘరట్ట' అని బిరుదు. ఘరట్టమంటే తిరగలి; ద్రోహులను పిండి చేసేవాడని అర్థం. ఆయన కొడుకు బొప్పడు 1133లో హళేబీడులో కట్టించిన పార్శ్వనాథ బసదికి తండ్రి బిరుదే పేరయింది.

తమిళనాట మనవాళ్ళు చెప్పుకునే కథ ఇంకొకటి. రాయలకు ఎదురుతిరిగి మధురను పట్టుకున్న నాగమ నాయకుణ్ణి, సొంత కొడుకు విశ్వనాథుడే బంధించి తెచ్చి అప్పగించాడంటారు. స్వామికి ద్రోహం చెయ్యకూడదంటే తండ్రిని పట్టివ్వాలి. చివరికి రాయలు తండ్రిని క్షమించి, కొడుకుకు మధుర ఇచ్చాడట.

మరి మన పిల్లలు ఎవరి నమ్మకాన్ని ముంచారు? బడిలో కన్నడమో తమిళమో చదువుకున్నారు. ఇంట్లో అక్షరాలు దిద్దించనిది మనమే. మనం నేర్పనిదానికి వాళ్ళను ద్రోహులనడం న్యాయం కాదు. ఆ మాట మానేసి, ఆదివారాలు సంఘం గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి 'అ ఆ'లు దిద్దిద్దాం.