పౌరసత్వం అడిగే కొలువు: పుట్టుపూర్వోత్తరాలు

దేశ రక్షణతో ముడిపడిన సాంకేతిక పనిలోకి మనిషిని తీసుకునే ముందు అతని పౌరసత్వం అడగడం, పరదేశి అయితే పక్కన పెట్టడం టెక్ కంపెనీల్లో ఇవాళ మామూలైపోయింది. దీని వెనక రెండు వేరు వేరు సంగతులున్నాయి. చట్టం కంచె వేసేది రహస్యానికి. కంపెనీ, పని తేలికవుతుందని, ఆ కంచెను మనిషి చుట్టూ వేస్తుంది. ఈ రెండింటి మధ్య ఎడం నుంచే నూరేళ్లుగా తగాదాలు పుడుతున్నాయి.

రాయలసీమ ఇలాంటి ఆంక్షను చవిచూసింది ఈస్టిండియా కంపెనీ హయాంలో. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సంస్కరణలతో, 1793 నాటికి ఏడాదికి 500 పౌండ్లు దాటిన జీతమున్న కొలువులన్నీ దొరలకే దక్కాయి. భారతీయులు నమ్మదగినవాళ్లు కారన్నది దానికి చెప్పిన కారణం. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే పనిచేశాడు. భూముల కొలత, శిస్తు లెక్కలు అన్నీ కరణాలు, గుమాస్తాలు, తాసిల్దార్ల చేతుల మీదుగానే నడిచాయి. అంటే కంపెనీకి అన్నిటికన్నా విలువైన సమాచారం స్థానికుల దగ్గరే ఉంది. పెద్ద కుర్చీ మాత్రం వాళ్లకు లేదు. మద్రాసు గవర్నరయ్యాక మన్రో 1824 డిసెంబరులో రాసిన సుదీర్ఘ నివేదికలో ఈ పద్ధతిని తప్పుపట్టాడు. నమ్మకంతో కూడిన పదవులకు ఒక జనాన్ని మొత్తంగా దూరం పెడితే వాళ్ల నడవడే దిగజారుతుందన్నది ఆయన వాదన. 1827 జులైలో కర్నూలు సీమలోని పత్తికొండ దగ్గర కలరా సోకి చనిపోయాడు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి గానీ, ఆయన వాదించిన విషయం మాత్రం 1833 చార్టర్ చట్టంలోని 87వ సెక్షన్‌గా కాగితానికే పరిమితమైంది. మతం, పుట్టిన చోటు, వంశం, రంగు కారణంగా ఎవరినీ కొలువుకు అనర్హులను చేయరాదని ఆ సెక్షన్ చెప్పింది. పెద్ద పదవుల్లో మాత్రం దశాబ్దాల పాటు మార్పు లేదు.

ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్న భయం దీనికన్నా సూటిగా పనిచేసింది. చాటుగా ఆయుధాలు పోగుచేశాడన్న అభియోగంతో 1839లో కంపెనీ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రాజ్యాన్ని కలిపేసుకుంది. 1857 తిరుగుబాటు తర్వాత సైన్యాన్ని తిరగ్గట్టినప్పుడు ఫిరంగి దళాన్ని తెల్లవాళ్లకే కేటాయించారు. కొండ ప్రాంతాల్లో మోసుకెళ్లే చిన్న ఫిరంగుల బ్యాటరీలు తప్ప మిగతా ఫిరంగుల దగ్గరకు భారతీయ సిపాయిని రానివ్వలేదు. ఆ కాలానికి ఫిరంగే అన్నిటికన్నా కీలకమైన సాంకేతికత. దాని వాడకం తెలిసినవాడు రేపు ఎదురు తిరిగితే అన్నదే గుబులు. భారతీయులతో తొలి ఫీల్డ్ ఫిరంగి దళం బెంగళూరులో ఏర్పడింది 1935లో. భద్రత పేరు చెప్పి జాతిని బట్టి ఒక సాంకేతిక పనిని మూసేయడానికి మన దేశంలో ఇంతకన్నా స్పష్టమైన పాత ఉదాహరణ లేదు. అది డెబ్బై ఏళ్లకు పైగా సాగింది.

ఇప్పటి టెక్ కంపెనీల నియమాలు మాత్రం ఎక్కువగా అమెరికా నుంచి దిగుమతైనవి. 1926 నాటి అమెరికా ఎయిర్ కోర్ చట్టం, సైన్యానికి విమానాలు చేసే గుత్తేదారు దగ్గర పనిచేసే పరదేశి ఎవరైనా శాఖాధిపతి లిఖిత అనుమతి లేకుండా వాటి నమూనాలు, కొలతల పత్రాలు చూడరాదని శాసించింది. 1940లో దీన్ని రహస్య ఒప్పందాలన్నిటికీ విస్తరించారు. ఇందులో పరదేశిని పనిలో పెట్టుకోవద్దని ఎక్కడా లేదు. అనుమతి తెచ్చుకోమని మాత్రమే ఉంది. అయినా ఫ్యాక్టరీల యజమానులు అనుమతి కోసం తిరిగే తలనొప్పి ఎందుకని పరదేశీయులను, చాలాచోట్ల విదేశీ పేరున్న పౌరులను కూడా గేటు బయటికి పంపేశారు. యుద్ధంలోకి దిగిన నెల తిరక్కముందే, 1942 జనవరిలో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విశ్వాసపాత్రులైన పరదేశీయులను ఇలా పనిలోంచి తీసేయడం తెలివితక్కువ పని అని బహిరంగంగా ప్రకటన చేయవలసి వచ్చింది. చట్టం అడిగినదానికన్నా నాలుగాకులు ఎక్కువ చదివే అలవాటు కంపెనీలకు అప్పటిది.

యుద్ధం తర్వాత కంచె ఫ్యాక్టరీ దాటింది. 1949 ఎగుమతి నియంత్రణ చట్టం, 1976 ఆయుధ ఎగుమతి నియంత్రణ చట్టం వచ్చాక వస్తువుతో పాటు దాన్ని తయారుచేసే తెలివి కూడా ఎగుమతి సరుకు కింద లెక్కలోకి వచ్చింది. 1994లో అమెరికా వాణిజ్య శాఖ నియమాల్లోకి ‘ఎగుమతిగా భావించడం’ అనే సూత్రాన్ని చేర్చారు. దాని పని తీరు విచిత్రంగా ఉంటుంది. డాలస్ ఆఫీసులో కూర్చున్న కర్నూలు కుర్రాడికి పక్క సీటు ఇంజినీరు నియంత్రిత సాంకేతిక పత్రం ఒకటి తెరిచి చూపిస్తే, ఆ కాగితం భారతదేశానికి ఎగుమతి అయినట్టే లెక్క. ఓడ కదలదు, పెట్టె కదలదు. చూపు పడితే చాలు. దానికి లైసెన్సు అవసరమా కాదా అన్నది ఆ సాంకేతికతను బట్టి, చూసినవాడి దేశాన్ని బట్టి తేలుతుంది. వాణిజ్య శాఖ మనిషి తాజా పౌరసత్వాన్ని చూస్తుంది. ఆయుధాల వ్యవహారం చూసే విదేశాంగ శాఖ అతనికి ఉన్న పౌరసత్వాలన్నిటినీ చూస్తుంది.

తెలుగువాళ్లకు ఈ సూత్రం తగిలే చోటు ఒకటుంది. హెచ్-1బీ వీసా కోసం కంపెనీ దాఖలు చేసే ఐ-129 ఫారంలో ఆరో భాగం. 2011 ఫిబ్రవరి నుంచి దీన్ని నింపడం తప్పనిసరి. ఈ అభ్యర్థికి నియంత్రిత సాంకేతికత చూపడానికి లైసెన్సు అవసరం లేదనో, అవసరం ఉంది కాబట్టి అది వచ్చేదాకా చూపబోమనో కంపెనీ ధ్రువీకరించాలి. రెండు గడుల్లో ఒకదానిలో టిక్కు పెట్టడమే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి వెళ్లినా, కర్నూలు పుల్లారెడ్డి కాలేజీ నుంచి వెళ్లినా, ప్రతి ఫైల్లోనూ ఆ పేజీ ఉంటుంది. అభ్యర్థి దాన్ని చదివే సందర్భం మాత్రం అరుదు. మామూలు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌కో, దుకాణాల వెబ్‌సైటుకో ఇబ్బంది ఉండదు. చిప్పుల డిజైన్, ఉపగ్రహాలు, విమాన ఇంజన్లు, కొన్ని రకాల లేజర్లు, సెన్సార్ల దగ్గర గడి మారుతుంది.

ఇందులో భారతదేశం స్థానం కూడా స్థిరంగా లేదు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఇస్రో, డీఆర్‌డీఓ అనుబంధ సంస్థలను, హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్‌ను అమెరికా ఆంక్షల జాబితాలో పెట్టింది. 2011 జనవరిలో వాటిని తీసేసింది. 2018లో భారత్‌ను దగ్గరి మిత్రదేశాలకిచ్చే లైసెన్సు మినహాయింపు తరగతిలోకి చేర్చింది. మనిషి అదే, డిగ్రీ అదే. రెండు ప్రభుత్వాల మధ్య గాలి మళ్లిన కొద్దీ అతను చూడగలిగే కాగితాల సంఖ్య మారింది.

ఎగుమతి చట్టాలు ఒక వైపు బిగుస్తుంటే పౌరహక్కుల చట్టాలు ఇంకో వైపు నుంచి వచ్చాయి. 1964 పౌరహక్కుల చట్టం జాతీయ మూలాన్ని బట్టి వివక్ష చూపరాదంది. పౌరసత్వం వేరు, జాతీయ మూలం వేరు అని 1973లో ఎస్పినోజా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సందును కొంత పూడ్చింది 1986 వలస సంస్కరణ చట్టం: పౌరులు, గ్రీన్‌కార్డుదారుల్లో ఎక్కువమంది, శరణార్థులు, ఆశ్రయం పొందినవారు ఈ నలుగురిలో ఎవరినీ పౌరసత్వ స్థితి చూసి వెనక్కి నెట్టరాదు. చట్టం, ప్రభుత్వ ఉత్తర్వు లేదా ప్రభుత్వ ఒప్పందం స్పష్టంగా పౌరుణ్ణే కోరితే అది వేరు సంగతి. ఎగుమతి నియమాలు కూడా ఈ నలుగురినీ ‘అమెరికా వ్యక్తులు’గానే లెక్కవేస్తాయి. కాబట్టి ఎగుమతి చట్టం సాకుతో గ్రీన్‌కార్డుదారుణ్ణి కాదనడం కుదరదు.

అయినా కంపెనీలు కాదన్నాయి. న్యాయ శాఖ ఒక్కొక్కరినీ పట్టుకుంది. 2018లో క్లిఫర్డ్ ఛాన్స్ అనే న్యాయ సంస్థ 1,32,000 డాలర్లు, 2019లో హోండా విమాన కంపెనీ 44,626 డాలర్లు, 2023 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 3,65,000 డాలర్లు కట్టి రాజీపడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో, శరణార్థుల దరఖాస్తులను ఎగుమతి చట్టం పేరుతో తోసిపుచ్చిందని స్పేస్‌ఎక్స్‌పై దావా వేసింది. 2025లో ప్రభుత్వం మారాక ఆ దావాను తనే వెనక్కి తీసుకుంది. ఆ కంపెనీల ఆదాయం ముందు ఈ జరిమానాలు చిల్లర పైసలు. ఎగుమతి నియమం ఉల్లంఘిస్తే పడే శిక్షలో జైలు కూడా ఉంది. కంపెనీ లాయరు ఏ వైపు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు.

హెచ్-1బీ మీద ఉన్న తెలుగు ఇంజినీరు ఆ నలుగురిలో లేడు. భారతీయుడవని అతన్ని కాదనకూడదు; వీసా మీద ఉన్నావని మాత్రం కాదనవచ్చు. కన్సల్టెన్సీల మెయిళ్లలో ‘యూఎస్‌సీ, జీసీ ఓన్లీ’ (అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డుదారులు మాత్రమే) అని కనిపించే మాటకు ఇదే ఊతం. రక్షణ శాఖ పని అయితే జీసీ కూడా పోయి పౌరుడు మాత్రమే మిగులుతాడు, ఎందుకంటే సెక్యూరిటీ క్లియరెన్స్ పౌరులకే ఇస్తారు. గ్రీన్‌కార్డు వస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి గానీ, అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరు. ఆ లెక్కకు చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. ఫలితంగా ప్రొద్దుటూరులో పుట్టినవాడు పదేళ్లు దాటినా వరుసలోనే నిలబడి, అన్నాళ్లూ ఎగుమతి చట్టం దృష్టిలో పరదేశిగానే ఉంటాడు. ఈ రెండు నియమాలను రాసినవాళ్లు ఒకరి కాగితం ఒకరు చూసుకున్నట్టు లేరు.

పౌరసత్వం చూడటం వల్ల నిజంగా రహస్యం నిలుస్తుందా అన్న చర్చ 2019లో గిట్‌ల్యాబ్ కంపెనీలో బయటపడింది. ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగులున్న ఆ కంపెనీ, ఒక పెద్ద కస్టమర్ కోరిక మీద, కస్టమర్ల డేటా అందుబాటులో ఉండే కొన్ని పదవులకు చైనా, రష్యాల్లో నివసించేవారిని తీసుకోకూడదని తలపెట్టింది. అది పౌరసత్వం కాదు, నివాసం. అయినా కంపెనీలోని ఉద్యోగులే దాన్ని వివక్ష అన్నారు. వాదనలో రెండు వైపులా పస ఉంది. చైనా 2017 నిఘా చట్టం ప్రకారం ఆ దేశ పౌరులు, సంస్థలు నిఘా పనికి సహకరించాలి. ఒత్తిడి వస్తే ఉద్యోగి మంచివాడైనా చేయగలిగింది తక్కువ. ఏఐ రహస్యాలు దొంగిలించాడని 2024 మార్చిలో అమెరికా అభియోగం మోపిన గూగుల్ ఇంజినీరు చైనా పౌరుడే. ఎదుటి పక్షం చూపే పేర్లు, దేశ రహస్యాలను బయటికి చేర్చిన ఆల్‌డ్రిచ్ ఏమ్స్, రాబర్ట్ హాన్సెన్, ఎడ్వర్డ్ స్నోడెన్. ముగ్గురూ పుట్టు అమెరికన్లు, క్లియరెన్స్ ఉన్నవాళ్లు. మారుపేర్లతో రిమోట్ ఉద్యోగాల్లో చేరుతున్న ఉత్తర కొరియావాళ్ల గురించి 2022లో అమెరికా హెచ్చరించింది. అలాంటివాళ్లు పౌరసత్వ గడిలో నిజం రాయరు కదా.

2025 జులైలో బయటపడిన మైక్రోసాఫ్ట్ వ్యవహారం, నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో చూపింది. అమెరికా రక్షణ శాఖ క్లౌడ్‌లోని సున్నితమైన డేటాను ముట్టుకునేది పౌరుడో, గ్రీన్‌కార్డుదారో అయి ఉండాలి. అందుకని చైనాలోని ఇంజినీరు చెప్పిన ఆదేశాలను, క్లియరెన్స్ ఉన్న అమెరికన్ ఒకడు టైపు చేసేవాడు. వాళ్లను ‘డిజిటల్ ఎస్కార్ట్’ అన్నారు. తాను కొడుతున్న ఆదేశం ఏం చేస్తుందో తెలిసేంత సాంకేతిక జ్ఞానం వాళ్లలో చాలామందికి లేదని వార్తలు వచ్చాయి. చైనా బృందాలను ఆ పని నుంచి తప్పిస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే ప్రకటించింది.

భారత్‌లో పౌరసత్వం చూసే నియమం చాలావరకు ప్రభుత్వం వరకే ఉంది. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ కొలువుల్లో సమానావకాశం ఇచ్చింది పౌరులకు మాత్రమే. కేంద్ర కొలువుల ప్రకటనల్లో పౌరులతో పాటు నేపాల్, భూటాన్ ప్రజలకు, 1962 జనవరి 1కి ముందు వచ్చిన టిబెట్ శరణార్థులకు కూడా అర్హత ధ్రువపత్రంతో చోటుంటుంది. ఐఏఎస్, ఐపీఎస్‌లకు పౌరులే. లోకల్, నాన్‌లోకల్ గొడవలో నలిగిన తెలుగువారికి ఇది స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధనలను గుర్తుచేయవచ్చు. కానీ 1975 రాష్ట్రపతి ఉత్తర్వులో రాయలసీమను నాలుగో జోన్‌గా గీసింది ఉద్యోగాల పంపకం కోసం. రహస్యం కాపాడటం కోసం కాదు.

ప్రైవేటు కంపెనీల విషయానికి వస్తే, టెలికాంలో విదేశీ పెట్టుబడిని 74 శాతానికి పెంచినప్పుడు, బోర్డులో ఎక్కువమంది భారత పౌరులే ఉండాలని, నెట్‌వర్క్ సాంకేతిక అధిపతి, భద్రతాధికారి భారత్‌లో నివసించే పౌరులై ఉండాలని షరతు పెట్టారు. 2022 జూన్ నుంచి మన సరిహద్దు దేశాల పౌరుడు ఏ భారతీయ కంపెనీలోనైనా డైరెక్టరు కావాలంటే హోం శాఖ భద్రతా అనుమతి ఉండాలి. అంతకు దిగువన, కోడ్ రాసే ఇంజినీరు గురించి చట్టం ఏమీ చెప్పదు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో డీఆర్‌డీఓకు బహిరంగ పరీక్షా స్థలం ఉంది. 2025 ఏప్రిల్‌లో డ్రోన్లను కూల్చే లేజర్ ఆయుధాన్ని, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడే పరీక్షించారు. అదే ఓర్వకల్లులోనూ, కడప పక్కన కొప్పర్తిలోనూ పారిశ్రామికవాడలకు ఆ ఏడాది అక్టోబరులో ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడికి వచ్చే ప్రైవేటు డ్రోన్ కంపెనీ ఒక నేపాలీ ఇంజినీరును పౌరసత్వం చూసి కాదంటే అడ్డుకునే చట్టం భారత్‌లో లేదు. తీసుకున్నా, రక్షణ శాఖతో కుదుర్చుకున్న ఒప్పందంలో వేరే షరతు లేకపోతే తప్పు కాదు.