పీర్ల గుండం చుట్టూ మా ఊరు

నా పేరు కుళ్లాయప్ప. మాది సాయిబుల ఇల్లు కాదు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఈసారి బిడ్డ నిలిస్తే నీ పేరే పెడతానని మా జేజి గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుంది. కుళ్లాయి అంటే టోపీ. అనంతపురం జిల్లా నార్పల మండలంలో ఉందా గూగూడు. పీర్ల చావిడి పక్కనే ఆంజనేయుడి గుడి. నేను అయ్యవారుగా పనిచేసిన బడుల్లో హాజరు పట్టీ తెరిస్తే హుస్సేనప్ప, ఫక్కీరప్ప, దస్తగిరి వరసగా పలికేవాళ్లు. వాళ్లలో ఎవరు ఏ మతమో పేరు చూసి చెప్పడం నావల్ల అయ్యేది కాదు.

పీర్ల పండగ (మొహర్రం) మూలం ఇరాక్‌లోని కర్బలా. క్రీ.శ. 680లో ప్రవక్త మనవడు హుస్సేన్ అక్కడ అమరుడయ్యాడు. ఆయన కోసం నిలిపే పంజాలను, అంటే పీర్లను, గోల్కొండ కుతుబ్‌షాహీలు పెద్ద ఎత్తున కొలిచారు. 1591లో హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీ, కొద్ది ఏళ్లకే అక్కడ బాద్‌షాహీ అషుర్‌ఖానా కట్టించాడు. 1650లో మీర్ జుమ్లా గండికోట పట్టడంతో గోల్కొండ ఏలుబడి మా సీమలోకీ వచ్చింది. తురక రాజుల శోకదినం తెలుగు పల్లెకు వచ్చేసరికి మొక్కుబడి అయింది, ఊరి పండగ అయింది. అఫ్సర్ గూగూడు మీద ఇంగ్లీషులో రాసిన ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ (2013) ఈ సంగతిని లోకానికి చెప్పింది.

పుస్తకం రాకముందే మా అబ్బకు తెలిసిన సంగతి ఒకటుంది. పీర్ల పండగను ఏ ఒక్క కులమూ ఒంటరిగా చేయలేదు. మా ఊళ్లో పీర్ల పెట్టె తాళం దూదేకుల ముజావరుది. ఆయన పీర్లను చింతపండుతో తోమి, మొక్కుబడి గుడ్డలు (దట్టీలు) ఒకదాని మీద ఒకటి చుడతాడు. నిప్పుల గుండానికి కట్టెలు రైతులవి. పానకం కుండలు కుమ్మరివి. దివిటీ చాకలిది. తప్పెట మాదిగలది. తప్పెట మోగనిదే పీరు లేవదు. ఒక ఏడు కూలి రేట్ల మీద రైతులకూ మాదిగలకూ మాటలు లేవు. పండగకు పదిరోజుల ముందు గుండానికి గుద్దలి వేసే వేళ వచ్చింది. ముజావరు గడ్డపార నేల మీద పెట్టి, ‘తప్పెట వచ్చేదాకా నేను తవ్వను’ అని కూర్చున్నాడు. పొద్దు గుంకే వేళకు మా అబ్బే మాదిగగేరికి పోయి, ‘అన్నా, రా’ అని పిలిచాడు. తగువు అక్కడే తెగిపోలేదు గానీ, మాట మొదలయింది.

మొహర్రం చాంద్రమాన పండగ, ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒకప్పుడు చేను కోతకు అడ్డం, ఒకప్పుడు వానకు అడ్డం. అయినా ఎవరూ మానలేదు. 2020 ఆగస్టులో కరోనా వచ్చి మాన్పించింది. చావిడి మూతపడింది, పీర్ల ఊరేగింపు (సరిగెత్తు) తిరగలేదు. అప్పుడు ముజావరు కొడుకు వాట్సప్‌లో గ్రూపు పెట్టాడు. కువైట్‌లో డ్రైవర్లు, బెంగళూరులో తాపీపనివాళ్లు, ఊళ్లో మేము. అతను చావిడి లోపల ఒక్కడే నిలబడి ఫాతిహా చదివితే అందరం ఫోన్లోనే చక్కెర చదివించాం.

గ్రూపు ఎప్పుడూ మంచికే అని అనను. ఒకరోజు ఎక్కడిదో కొట్లాట వీడియో పడింది. కింద ఒక కుర్రాడు కసిగా నాలుగు మాటలు రాశాడు, ఇంకొకడు దానికి బదులిచ్చాడు. గంటసేపు నా ఫోను మోగుతూనే ఉంది. ముజావరు కొడుకు వాదించలేదు. గడ్డపార ఫోటో పెట్టి, ‘గుద్దలి శుక్రవారం. ఎవరెవరు వస్తారు?’ అని రాశాడు. మొదట ‘నేను’ అన్నది తప్పెట కొట్టేవాళ్ల అబ్బాయి. రెండోది, ఆ కసిగా రాసిన కుర్రాడే.

శాంతి కమిటీలు ఎన్నో చూశాను. వాటిలో టీ తాగి సంతకం పెట్టి పోతారు. మా ఊరిని నిలబెట్టింది పని పంపకం. ఒకరి చేయి లేనిదే ఇంకొకరి పని ముగియదు. ఫోను చేసిందల్లా దూరాన ఉన్నవాళ్ల చేతుల్ని ఆ పనికి అందించడమే.

ఈ ఏడు కట్టెల వంతు మాది.